మిల్లు గేటు దగ్గర వరస బోర్డు

జాకీ రాడ్ మా అన్నయ్య ముఖానికి తగిలినప్పుడు పెద్ద చప్పుడేమీ రాలేదు. తడిసిన గోనెసంచిని కర్రతో కొట్టినట్టు మందంగా వినిపించింది, అంతే. నేను మిల్లు గేటు పక్కన భోజనం క్యారేజీ పట్టుకుని నిలబడి ఉన్నాను. అన్నయ్య ఒక్క క్షణం అలాగే నిలబడి, ఏదో అడగబోతున్నవాడిలా నా వైపు తిరిగాడు. ఎడమ కన్ను ఉండాల్సిన చోట నెత్తురు తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

అవి వేసవిలో వచ్చే దాళ్వా కోతల రోజులు. మండపేటలో ఆ నెలంతా రోడ్డు మీద ధాన్యం బళ్ళు తప్ప ఇంకేమీ కనిపించవు. అన్నయ్య ఒక రైసు మిల్లులో గేటు గుమస్తా. వచ్చిన ప్రతి లారీకీ ట్రాక్టరుకీ వరస నంబరు ఇచ్చి, ఆ వరసలోనే కాటా మీదికి తూకానికి పంపడం అతని పని. రెండు టీవీలు ఉండేవి. ఒకటి గేటు మీద, ఇంకొకటి లోపల కాటా గది మీద. ఇప్పుడు ఎవరి వంతో ఆ రెండూ చూపించాలి. నేను ఇంటి మేడమీద గదిలో కూర్చుని హైదరాబాదులోని ఒక కంపెనీకి వెబ్ పేజీలు రాస్తుంటాను. మిల్లు పనితో నాకేమీ సంబంధం లేదు. ఆ రోజు వదినకి జ్వరంగా ఉండి, క్యారేజీ నేను తెచ్చాను.

గొడవ మొదలవడం నేను చూశాను. గేటు టీవీ మీద ఒక రైతు ట్రాక్టరు నంబరు పడింది. ఆయన బండి స్టార్ట్ చేసి ముందుకు తెచ్చాడు. అదే సమయంలో పక్కన ఆగి ఉన్న ఒక లారీ కూడా కదిలింది. లారీ బంపరు ట్రాక్టరు చక్రానికి రాసుకుంది. ఇద్దరూ దిగారు.

"నా నంబరు పడిందండి. తలెత్తి చూడండి," అన్నాడు రైతు, గేటు టీవీ చూపిస్తూ.

"నువ్వు ఇటు చూడు. కాటా టీవీ మీద ఎవరి నంబరుందో," అన్నాడు లారీ డ్రైవరు.

కాటా టీవీ మీద లారీ నంబరే ఉంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పొద్దుటి నుంచీ ఎండలో పడిగాపులు పడి ఉన్న మనుషులు వాళ్ళు. రైతు కొడుకు ట్రాక్టరు మీద నుంచి దూకి డ్రైవరు చొక్కా పట్టుకున్నాడు. డ్రైవరు వాణ్ణి మోచేత్తో నోటి మీద కొట్టాడు. కుర్రాడి పెదవి చీలి నెత్తురు గడ్డం మీదికి కారింది. రైతు ధాన్యం మీద కప్పిన బరకానికి కట్టిన కర్ర ఊడబెరికి డ్రైవరు వీపు మీద వేశాడు. డ్రైవరు లారీలోంచి జాకీ రాడ్ తీశాడు. అన్నయ్య రెండు చేతులూ చాపి మధ్యలోకి వెళ్ళాడు.

"ఆగండి, ఆగండి. నేను చూసి చెప్తాను కదా," అంటున్నాడు. ఆ మాట పూర్తవకుండానే రాడ్ తగిలింది.

తర్వాత జరిగింది ఇప్పటికీ నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తొస్తుంది. బస్తాలు మోసే ముఠావాళ్ళు పరిగెత్తుకొచ్చారు. అన్నయ్య అంటే వాళ్ళకి అభిమానం. డ్రైవరుని కింద పడేసి తన్నారు. ఒకతను బస్తా లాగే ఇనప కొక్కెం అతని భుజంలో దింపి లాగాడు. ఇంకొకతను రాడ్ పట్టుకున్న చేతిని మడమతో తొక్కాడు, మళ్ళీ తొక్కాడు. ఆ వేళ్ళు విరిగిన చప్పుడు మాత్రం నాకు స్పష్టంగా వినిపించింది. అన్నయ్య తల నా ఒళ్ళో ఉంది. నా చీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకి అంటుకుంటున్నాయి. ఇంకా కొట్టండి అని నా లోపల ఎవరో అంటూనే ఉన్నారు. క్యారేజీ ఎక్కడ పడిందో తెలియదు. దుమ్ములో పప్పన్నం మీద, నెత్తురు మీద ఈగలు ఒకేలా వాలుతున్నాయి.

కాకినాడ ఆసుపత్రిలో కన్ను తీసేశారు. లోపల మిగిలింది ఏమీ లేదన్నాడు డాక్టరు. మత్తు దిగాక అన్నయ్య అడిగిన మొదటి మాట డ్రైవరు బతికున్నాడా అని. బతికాడని చెప్పాను. ఆ వెంటనే అన్నయ్య అన్న మాట నన్ను ఈ పనిలోకి లాగింది.

"వాళ్ళని అనడానికేముందే. రెండు టీవీలూ రెండు రకాలుగా చెప్తే ఎవడైనా తన నంబరున్నదాన్నే నమ్ముతాడు."

అన్నయ్యని ఇంటికి తెచ్చాక మిల్లు ఓనరు గారి దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన. ఆసుపత్రి ఖర్చంతా ఆయనే పెట్టుకున్నారు. ఆ టీవీల్లో నడిచే పేజీ నాకు చూపించమని అడిగాను.

"చూసి ఏం చేస్తావమ్మా?"

"ఏం జరిగిందో తెలుసుకుంటానండి."

ఆఫీసు కంప్యూటరులో ఆ పేజీ తెరిచి లోపలి కోడ్ చదవడం మొదలుపెట్టాను. ఎప్పుడో ఎవరో రాసింది. తర్వాత ఎవరికి తోచినట్టు వాళ్ళు అతుకులు వేసుకుంటూ పోయారు. ఏ లైబ్రరీ, అంటే ఇతరులు ముందే రాసిపెట్టిన కోడ్, లేకుండా, ఉత్త జావాస్క్రిప్టుతో చేతి రాతగా రాసుకున్న పేజీ. అలా రాయడం తప్పు కాదు. చిన్న పేజీ అయితే నేనూ అలాగే రాస్తాను. కాని అలా రాసినప్పుడు తెర మీద మారాల్సిన ప్రతి చోటుకీ మనమే వెళ్ళి, ఇక్కడ ఈ అంకె తీసెయ్యి, ఇక్కడ ఆ అంకె పెట్టు అని విడివిడిగా చెప్పాలి. గేటు టీవీకి ఒకసారి, కాటా టీవీకి ఒకసారి, ఆఫీసు తెరకి ఇంకోసారి. ఒక్క చోట చెప్పడం మరిచిపోతే అక్కడ పాత అంకె అలాగే ఉండిపోతుంది. అది అబద్ధమని తెరకి తెలియదు.

ఆ రోజు జరిగింది అదే. పొద్దున ఆ లారీ ధాన్యంలో తేమ ఎక్కువుందని పక్కన ఆపారు. తేమ మళ్ళీ చూపించుకుని, తగ్గిందంటేనే తిరిగి వరసలో కలవాలి. పక్కన ఆపినప్పుడు నంబరు తీసెయ్యాలన్న లైను గేటు పేజీలో ఉంది, కాటా పేజీలో లేదు. అంతే. ఎప్పుడో ఎవరో గేటు పేజీకి మాత్రం ఆ లైను కలిపి వెళ్ళిపోయారు. లేని ఆ ఒక్క లైనుకి మా అన్నయ్య కన్ను పోయింది. ఒక మనిషి కుడిచేతి వేళ్ళు ముద్దయ్యాయి.

నేను కుర్చీలోంచి లేచి ఆ మానిటరుని గోడకేసి కొట్టాలనుకున్నాను. అంచులు పట్టుకున్నాను కూడా. గుమ్మంలో ఓనరు గారు నిలబడి చూస్తున్నారు.

"బాగుచెయ్యగలవా అమ్మా?"

"బాగుచెయ్యనండి. ఇది తీసేసి కొత్తది రాస్తాను."

మా కంపెనీలో రోజూ చేసే పని అదే. మేం పేజీలన్నీ రియాక్ట్ అనే లైబ్రరీతో రాస్తాం. దానితో పని చేసే పద్ధతి వేరు. ఎవరి వంతు అన్న సంగతి ఒకే చోట ఉంచుతాం. తెర మీద ఏం కనిపించాలన్నది ఆ సంగతి నుంచే పుట్టాలని రాస్తాం. ఆ సంగతి మారితే తెరలో ఎక్కడెక్కడ మారాలో లైబ్రరీయే చూసుకుంటుంది. ప్రతి మూలకీ మనం పరిగెత్తి చెప్పక్కర్లేదు. మారిన సంగతి సర్వరు నుంచి అన్ని తెరలకీ ఒకేసారి అందడానికి ఇంకో లైబ్రరీ ఉంది. నెట్ పోయి వస్తే తిరిగి కలుపుకోవడం కూడా అదే చేస్తుంది. ఇవన్నీ ఎక్కడెక్కడో ఎవరెవరో రాసి, అందరూ వాడుకోండని పెట్టినవే. వాళ్ళకి మండపేట తెలియదు, తేమ మీటరు తెలియదు. కాని తెర అబద్ధం చెప్పకూడదన్న బాధ వాళ్ళకీ ఎక్కడో తగిలే ఉంటుందని నాకనిపించేది.

వానాకాలం అంతా మధ్యాహ్నాలు కంపెనీ పని ముగించుకుని ఇది రాశాను. అన్నయ్య పక్కనే మంచం మీద పడుకుని ఉండేవాడు. పుండు మానుతున్న రోజుల్లో అతనికి కోపం ఎక్కువగా ఉండేది. ఒకసారి వదిన పెట్టిన గంజి గ్లాసు గోడకేసి కొట్టాడు. ఇంకొకసారి, గుడ్డివైపు నుంచి చప్పుడు లేకుండా వచ్చానని, నా చెంప మీద బలంగా కొట్టాడు. కొట్టాక తన చేతిని తనే చూసుకుంటూ కూర్చున్నాడు. నేను మళ్ళీ కీబోర్డు దగ్గరికి వెళ్ళాను. చెంప మండుతూనే ఉంది.

పని మాత్రం నేను అనుకున్నదానికన్నా తేలికగా నడిచింది. పాత కోడ్‌లో పేజీలు పేజీలున్నది నా దాంట్లో కొన్ని చిన్న ముక్కలైంది. వాటికి గేటు, కాటా, తేమ అనే పేర్లు పెట్టాను. ఒక బండిని పక్కన ఆపితే నేనెవరికీ ఏమీ చెప్పక్కర్లేకుండా అన్ని తెరలూ కలిసి మారాయి. రైతులు తమ ఫోనులో కూడా అదే పేజీ చూసుకోవచ్చు. నా సొంత ఆలోచన ఒకటే కలిపాను. సర్వరుతో సంబంధం తెగిపోతే తెర పాత నంబరు చూపించకూడదు. నల్లగా అయిపోయి 'ఆగండి' అని మాత్రం చూపించాలి. అన్నయ్యకి అది చూపిస్తే చాలాసేపు చూసి, "అక్షరాలు ఇంకా పెద్దవి చెయ్యి. లారీ లోపల కూర్చున్నవాడికి కనపడాలి," అన్నాడు.

వానలు వెళ్ళి సార్వా కోతలు వచ్చేసరికి దాన్ని మిల్లులో పెట్టాం. మొదటి రోజులు బాగానే గడిచాయి. ఆ తర్వాత లారీల ఏజెంటు వచ్చాడు. అతని కింద చాలా లారీలు తిరుగుతాయి. లావుపాటి మెడ, ఎప్పుడూ తెల్ల చొక్కా. గేటులో ఎవరున్నా గద్దించి తన బళ్ళని ముందుకి దూర్పించుకోవడం అతనికి అలవాటు. ఇప్పుడు ఎవరిని గద్దించినా నంబరు కదలడం లేదు. ఆ రోజు నేను ఆఫీసు గదిలో కూర్చుని కొత్త గుమస్తాకి పని నేర్పుతున్నాను. అన్నయ్య కూడా వచ్చి బయట ముఠావాళ్ళతో మాట్లాడుతున్నాడు.

ఏజెంటు లోపలికొచ్చి బల్ల మీద చెయ్యి పెట్టి వంగాడు.

"మా బండి పైకి జరపండి అమ్మాయిగారూ."

"అలా జరగదండి. ముందున్నది కాటా ఎక్కితేనే తర్వాతది వస్తుంది."

"రాసింది మీరేనంట కదా."

"నేనేనండి. జరపడానికి వీలు లేకుండానే రాశాను."

అతను నవ్వాడు. బయటికి వెళ్ళి, మొక్కలు పాతడానికి తెచ్చిన గునపం ఒకటి గోడవార ఉంటే అది తీసుకుని గేటు టీవీని ఒక్క పోటు పొడిచాడు. అద్దం పగిలి కిందనున్న వాళ్ళ మీద పడింది. ఒక ముసలాయన నెత్తి చిట్లింది. అయినా వరస కదల్లేదు. రైతులు జేబుల్లోంచి ఫోనులు తీశారు. నంబరు అందరి చేతుల్లోనూ అదే ఉంది.

"మా ఫోనులో ఉందండి. టీవీ పగలగొడితే పోతుందా?" అన్నాడొక రైతు.

ఏజెంటు ఆ ఫోను లాక్కుని కాటా ఇనప పలక మీద విసిరి, ఆ రైతుని గునపం వెనక భాగంతో పక్కటెముకల్లో పొడిచాడు. ఆయన ఊపిరి అందక అక్కడే ముడుచుకుపోయాడు. ఏజెంటు గునపం పారేసి మళ్ళీ నా గదిలోకి వచ్చాడు. నేను లేచేలోపు జడ పట్టుకుని నా తలని బల్ల అంచుకేసి కొట్టాడు. నుదురు చిట్లి కళ్ళలోకి వేడిగా కారింది. మళ్ళీ పైకి లాగాడు. నా చేతికి తేమ మీటరు తగిలింది. ఇనప డబ్బాలాంటిది, బరువుంటుంది. దానితో అతని నోటి మీద కొట్టాను. పళ్ళు కదలడం నా చేతికి తెలిసింది. అతను జడ వదిలాడు. నేను ఆగలేదు. అతను గుమ్మంలో పడ్డాక కూడా కొట్టాను, ముక్కు పక్కకి వాలేదాకా.

అప్పటికి ముఠావాళ్ళు వచ్చేశారు. కాళ్ళు పట్టుకుని అతన్ని బయటికి ఈడ్చారు. తల గడపకి తగిలి, మెట్టుకి తగిలి వెళ్ళింది. బయట రైతులు కర్రలతో ఉన్నారు. ఎవరు ఎక్కడ కొడుతున్నారో తెలియని గుంపు అది. తెల్ల చొక్కా ఎర్రబడింది, తర్వాత చినిగిపోయింది. ఎవరో అతను పారేసిన గునపం ఎత్తారు.

అన్నయ్య ఆ గుంపులోకి దూరి అతని మీద బోర్లా పడుకున్నాడు.

"ఇక చాలు. మనిషి పోతాడు," అన్నాడు. అప్పటికే లేచిన కర్ర ఒకటి అతని వీపు మీద పడింది. అన్నయ్య కదల్లేదు. "కొడితే నన్ను కొట్టండి. ఈ గేటులో ఇంకో మనిషికి ఏమీ కాకూడదు."

గునపం ఎత్తినవాడు దాన్ని కింద పెట్టాడు. ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. ముఠా మేస్త్రి నేల మీద కూర్చుని ఏడ్చాడు. నేను గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాను. తేమ మీటరు ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని వదలడానికి వేళ్ళు తెరుచుకోలేదు. కొత్త గుమస్తా వచ్చి ఒక్కొక్క వేలూ విప్పదీశాడు.

పోలీసులొచ్చి ఏజెంటుని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ ఆటో గేటు దాటింది. అంతలో ఒక ట్రాక్టరు డ్రైవరు తన ఫోను చూసుకుని, "నా నంబరండి, వెళ్ళనా?" అని ఎవరినీ ఉద్దేశించకుండా అడిగాడు.

"వెళ్ళండి," అన్నాడు అన్నయ్య, దుమ్ము దులుపుకుంటూ. ట్రాక్టరు నెత్తురు మీదుగా, గాజు పెంకుల మీదుగా కాటా ఎక్కింది. ఆ వెంటనే అన్ని ఫోనులలోనూ తర్వాతి నంబరు వచ్చింది.

నా నుదుటికి కుట్లు పడ్డాయి. నాలుగు నెలలు జడ వేసుకోలేదు, ముడి చుట్టుకునేదాన్ని. ఇరువైపులా కేసులు పెట్టుకుని, పెద్దమనుషుల సమక్షంలో రాజీ పడ్డారు. ఏజెంటు లారీలు ఈ మిల్లుకి రావడం మానేశాయి. అన్నయ్యని వదిన మళ్ళీ గేటులోకి వెళ్ళనివ్వలేదు. కడియంలో ఒక నర్సరీలో, బయటి రాష్ట్రాలకి వెళ్ళే లారీలకి మొక్కలు ఎక్కించే చోట పని దొరికింది. అక్కడ కూడా లారీలే, కాని వాటి వెనక ఎవరూ ఎండలో తన ధాన్యం పాడైపోతుందన్న భయంతో నిలబడి ఉండరు. ఒక కంటితో కొలత తప్పుతుందని మొదట్లో కుండీలు చేతిలోంచి జారవిడిచేవాడు. ఇప్పుడు అలవాటైంది.

నేను హైదరాబాదు పని మానలేదు గాని, ఇంకో రెండు మిల్లులవాళ్ళు ఇదే బోర్డు కావాలని అడిగితే పెట్టి ఇచ్చాను. బోర్డు పెడితే గొడవలు ఆగిపోతాయని నేనెవరికీ చెప్పను. తేమ దగ్గర కొట్టుకుంటారు, తూకంలో తరుగు కోసే దగ్గర కొట్టుకుంటారు. ఒక చోట టీ కొట్టు దగ్గర నీడ కోసం ఒకతను ఇంకొకతని తొడలో కత్తి దించాడు. వంతు దగ్గర మాత్రం, నేను చూసినంతవరకు, ఎవరూ చెయ్యెత్తలేదు.

మొన్న దాళ్వా కోతలకి ముందు ఓనరు గారు నన్ను ఇంటికి పిలిపించారు. కాఫీ ఇచ్చి, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని అడిగారు.

"ఒక చిన్న బటను పెట్టాలమ్మా. నా ఫోనులో, నాకొక్కడికే కనపడేలాగ. మా బామ్మర్ది బండి వచ్చినప్పుడు కాస్త పైకి జరుపుకోడానికి. కష్టమా?"

"కష్టం కాదండి. ఈ కాఫీ చల్లారేలోపు రాసెయ్యొచ్చు. నేను మాత్రం రాయనండి."

ఆయన ముఖం గట్టిపడింది. "పేజీ నీదే గాని మిల్లు నాది కదమ్మా. వేరేవాళ్ళ చేత చేయించుకోలేననుకున్నావా?"

"చేయించుకోండి. ఎవరైనా చేసిపెడతారు. ఆ బటను నొక్కిన రోజు మాత్రం గేటులో గుమస్తాని పెట్టకండి. మీరు నిలబడండి."

ఆయన చేతిలోని గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టారు. కాఫీ ఒలికి పంచె మీద పడింది. కొడతారేమోనని నా భుజాలు వాటంతటవే బిగుసుకున్నాయి. ఆయన నా నుదుటి మీది మచ్చ కేసి చూశారు. లేచి లోపలికి వెళ్ళిపోయారు.

ఆ బటను ఆయన ఎవరి చేతా పెట్టించలేదు. కోతలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం గేటు దగ్గర నుంచి వెళుతూ ఆయన బామ్మర్దిని చూశాను. ఖద్దరు చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయి, తన ట్రాక్టరు చక్రాన్ని కాలితో తన్నుతూ, బావగారిని బండబూతులు తిడుతూ, అతను తన వంతు కోసం వరసలో నిలబడి ఉన్నాడు.